అమెరికా ప్రయాణం: పాత నంబరు ఉంచుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న: మాది తణుకు. నేను ఉపాధ్యాయినిగా, మావారు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాం. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. డిసెంబరులో పురుడు. సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్లి మార్చిలో తిరిగి వస్తాం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. నాది స్మార్ట్ ఫోను, ఆయనది బటన్ల ఫోను. పింఛను, బ్యాంకు, గ్యాసు అన్నీ ఆయన నంబరుకే ముడిపడి ఉన్నాయి. ఇక్కడి సెల్ దుకాణంలో అడిగితే రోమింగ్ ప్యాక్ నెలకు వేలల్లో అవుతుందన్నారు. మా అల్లుడు గారేమో "పాత సిమ్‌లు పక్కన పెట్టేయండి, ఇంట్లో వైఫై ఉంది, వాట్సాప్ చాలు" అంటున్నారు. మా అమ్మకు 84 ఏళ్లు. పల్లెలో ఉంటుంది. ఆమెదీ బటన్ల ఫోనే. పొద్దున్నే నాతో నాలుగు మాటలు మాట్లాడితేగానీ ఆమెకు తోచదు. ఆరు నెలలు ఎలా? దుబాయ్‌లో ఐదు గంటలు ఆగాలట. అక్కడ దారి తప్పితే ఎవరికి ఫోను చేయాలి? అన్నీ తలచుకుంటే భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం:

అమ్మా,

మీ అల్లుడు గారి మాటలో సగం నిజం ఉంది. అమెరికాలో ఉన్నన్నాళ్లూ మాట్లాడుకోవడానికి మీ పాత సిమ్‌లతో పని లేదు. దుకాణంలో చెప్పిన వేల రూపాయల ప్యాక్ కూడా మీకు అక్కర్లేదు. అలాంటివి ఎక్కువగా కొద్ది రోజులు తిరిగి వచ్చేవారికే పనికొస్తాయి. కానీ "పక్కన పెట్టేయండి" అన్న మాట మాత్రం వినకండి. ఆ రెండు సిమ్‌లూ ఆరు నెలలూ బతికి ఉండాలి, ఫోన్లలోనే ఉండాలి.

ఎందుకంటే ఇవాళ మన ఫోను నంబరు ఇంటి తాళంచెవి లాంటిది. బ్యాంకులోకి వెళ్లాలన్నా, ఆధార్‌తో ఏ పని చేయాలన్నా, పింఛను ఖాతా చూసుకోవాలన్నా ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ వాడకమూ లేకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయలు ఉంటే నంబరును మరికొంత కాలం నిలిపి ఉంచే నియమం ఒకటి ఉంది. అది నంబరు పోకుండా కాపాడుతుందే తప్ప, రీఛార్జి గడువు తీరాక మెసేజీలు వస్తాయన్న హామీ ఇవ్వదు. రద్దయిన నంబరును కొన్నాళ్ల తర్వాత మరొకరికి కేటాయిస్తారు. అప్పుడు మీవారి బ్యాంకు సందేశాలు ఎవరో అపరిచితుడి ఫోనుకు వెళతాయి. ఆరు నెలల తర్వాత తిరిగి వచ్చి, బ్యాంకులో నంబరు మార్పించుకోవడానికి ఆయన ఈ వయసులో కౌంటర్ల చుట్టూ తిరగాలి. ఆ అవస్థ మీకు వద్దు.

కాబట్టి బయలుదేరే ముందే రెండు నంబర్లకూ ఏడాది గడువుండే ప్లాన్ వేయించండి. డేటా లేకుండా కాల్స్, మెసేజీలు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా అమ్మాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. అలాంటి ప్లాన్లకు 365 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చని కూడా చెప్పింది. దుకాణదారు వీటిని తనంతట తానుగా చూపించకపోవచ్చు. "డేటా వద్దు, ఏడాది గడువు కావాలి" అని మీరే అడగండి. అక్కడ మీకు ఇండియా డేటాతో పని లేదు గనుక ఇదే చవక.

రెండో పని, ఆ నంబర్లకు అంతర్జాతీయ రోమింగ్ సేవను తెరిపించడం. రోమింగ్ సేవ వేరు, రోమింగ్ ప్యాక్ వేరు. సేవ తెరిచి ఉంటే మీ సిమ్ అమెరికా టవర్‌ను పట్టుకోగలదు. ప్యాక్ అనేది ఆ టవర్ మీద మాట్లాడటానికి, నెట్ వాడటానికి ముందుగా కట్టే డబ్బు. మనకు కావలసింది మెసేజీలు అందడం మాత్రమే. రోమింగ్‌లో ఉన్నప్పుడు వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మన కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు. అయితే సేవ తెరవడానికి ఒక చిన్న రీఛార్జి తప్పనిసరి అవునా కాదా అన్నది కంపెనీని బట్టి, ప్లాన్‌ను బట్టి మారుతుంది. ఈ ప్రశ్న వీధి చివరి దుకాణంలో కాకుండా కస్టమర్ కేర్‌కు ఫోను చేసి అడగండి. "నేను అమెరికాలో ఆరు నెలలుంటాను. కాల్స్ వద్దు, డేటా వద్దు, ఓటీపీ మెసేజీలు మాత్రం రావాలి. ఏం చేయాలి?" అని ఇదే మాట అడిగితే సూటిగా జవాబు వస్తుంది. గడువు మధ్యలో తీరితే ఇక్కడున్న బంధువులెవరైనా, లేదా మీ అమ్మాయే, ఆన్‌లైన్‌లో రీఛార్జి చేయగలరు.

ఇక మీవారి బటన్ల ఫోను. ఇది మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఆయన ఆ ఫోను తీసుకుని డాలస్‌లో దిగితే సిగ్నల్ గీత ఒక్కటీ కనిపించకపోవచ్చు. ఫోను చెడిపోయిందని ఆయన కంగారుపడతారు. తప్పు ఫోనుది కాదు. మామూలు బటన్ల ఫోన్లు 2జీ మీద నడుస్తాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2జీని 2017లోనే ఆపేసింది. 3జీని అక్కడి మూడు పెద్ద సంస్థలూ 2022లో మూసివేశాయి. ఇప్పుడు అక్కడ ఉన్నవి దాదాపు అన్నీ 4జీ, 5జీ టవర్లే. 4జీ అని రాసి ఉన్న బటన్ల ఫోన్లు కూడా చాలావరకు మన దేశపు తరంగాలకు తగినట్టు చేసినవే. అందువల్ల పింఛను నంబరున్న ఆయన సిమ్‌కు ఒక స్మార్ట్ ఫోను తప్పదు.

ఆ ఫోను అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. ఇప్పుడే, కనీసం నెల రోజుల ముందు, ఇక్కడే కొనండి. కొత్త ఫోనుకు చేయి అలవాటు కావాలి. కాల్ ఎత్తడం, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపడం, వచ్చిన ఓటీపీని చదవడం, ఈ మూడూ ఆయన మీ సాయం లేకుండా చేయగలిగేదాకా రోజూ సాధన చేయించండి. అక్షరాలు పెద్దవి చేయండి, భాష తెలుగుకు మార్చండి. ఇంతకాలం బటన్లతో నడిపిన మనిషికి విమానం ఎక్కే ముందు రోజు తెర ఫోను చేతిలో పెడితే, ఆయన దాన్ని మీకే ఇచ్చేసి ఊరుకుంటారు. ఆరు నెలలూ ఆయన మాటలన్నీ మీ ఫోను మీదే నడుస్తాయి.

కొనేటప్పుడు చూడవలసినవి రెండు. రెండు సిమ్‌లు పట్టాలి, ఒకటి ఇండియాది, ఒకటి అమెరికాది. రెండోది, అమెరికా తరంగాల మీద ఆ ఫోను పనిచేయాలి. ఇక్కడ అమ్మే చవక ఫోన్లలో కొన్నింటికి అక్కడి తరంగాలు కొన్ని అందవు. ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో లేని ఫోన్లను ఒప్పుకోదు కూడా. దీనికి మంచి ఉపాయం ఉంది. మీ ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. దాన్ని మీ అమ్మాయికి పంపండి. ఏ కంపెనీ లైను తీసుకోవాలనుకుంటున్నారో ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేస్తే, ఫోను అక్కడ పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. మీ స్మార్ట్ ఫోనుకు కూడా ఈ పరీక్ష చేయించండి. మీవారి కోసం కొనబోయే మోడల్‌ను కూడా కొనకముందే ఆమెనే చూడమనండి.

బటన్ల ఫోనులో ఉన్న సిమ్ చాలా పాతదైతే కొత్త ఫోనులో పట్టకపోవచ్చు, లేదా 4జీ సిమ్‌కు మార్చుకోవలసి రావచ్చు. ఆ పని ఆగస్టులోనే చేయించండి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచుతారు. మోసగాళ్లు మన నంబరుతో వేరే సిమ్ తీసుకుని బ్యాంకు దోచుకోకుండా పెట్టిన నియమం అది. ప్రయాణం రోజున సిమ్ మారిస్తే ఆ ఒక్క రోజు మీకు ఏ ఓటీపీ రాదు. ఆ హడావిడిలో ఏదైనా సరిగా పనిచేయకపోతే సరిచేయించుకోవడానికి సమయమూ ఉండదు. కంపెనీ మార్చుకోవాలన్న ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే చేసుకోండి, లేదంటే మార్చి తర్వాత పెట్టుకోండి.

అక్కడున్నప్పుడు ఫోను మార్చవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. పురుడు సంబరంలో అల్లుడు గారు ప్రేమగా కొత్త ఐఫోను కొనిపెట్టవచ్చు. తీసుకోండి, కానీ పాత ఫోనును అలాగే నడపండి. 2022లో వచ్చిన ఐఫోను 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే గదే లేదు, అన్నీ ఈసిమ్‌లే, అంటే కార్డు లేకుండా ఫోనులోనే నమోదయ్యే సిమ్‌లు. మీ ఇండియా సిమ్ కార్డు అందులో పెట్టడానికి చోటు ఉండదు. పైగా బ్యాంకు యాప్, యూపీఐ యాప్ కొత్త ఫోనులో వేస్తే, అవి మీ ఇండియా సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపి నిర్ధారించుకుంటాయి. విదేశీ టవర్ నుంచి ఆ మెసేజ్ పోవచ్చు, పోకపోవచ్చు. బ్యాంకు యాప్‌లన్నీ ఇక్కడే వేసుకుని, ఒకసారి తెరిచి చూసుకుని, వాటి పిన్‌లు గుర్తుంచుకుని వెళ్లండి.

ఇప్పుడు అమెరికా నంబరు సంగతి. "ఇంట్లో వైఫై ఉంది, వాట్సాప్ చాలు" అన్నది ఇంట్లో ఉన్నంతసేపే పనికొస్తుంది. అమ్మాయి ఆసుపత్రిలో, అల్లుడు ఆమె పక్కన, మీరిద్దరూ ఇంట్లో ఉండే రాత్రి ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ రాత్రి వైఫై పోతే మీ చేతిలో ఉన్నది గడియారం మాత్రమే. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడూ అంతే. డాలస్ చుట్టుపక్కల కాలనీలలో ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. వీధిలో మనుషులు కనిపించరు, దారి అడుగుదామంటే టీ కొట్టు కూడా ఉండదు. మీవారు ఒక మలుపు తప్పుగా తిరిగితే నెట్ ఉన్న ఫోనే ఆయనను ఇంటికి చేర్చాలి.

అందుకే మీకొకటి, ఆయనకొకటి, రెండు అమెరికా నంబర్లు అడగండి. మొహమాటపడకండి. కుటుంబ ప్లాన్‌లో రెండు లైన్లు చేర్చుకోవడం అక్కడ మామూలు. లేదా నెలనెలా కట్టే ప్రీపెయిడ్ లైన్లు ఉంటాయి, మీరు బయలుదేరిన రోజున ఆపేయవచ్చు. ఖర్చు అల్లుడు గారి మీద పడుతుందని మీకు ఇబ్బందిగా ఉంటే, వచ్చేటప్పుడు ఇచ్చేస్తామని ముందే చెప్పండి. కొత్త దేశంలో పెద్దవాళ్లు ప్రతి చిన్న మాటకూ పిల్లల ఫోను అడగవలసి రావడం మంచిది కాదని నేను నమ్ముతాను. అక్కడ కారు ఉండదు, తెలిసిన వీధి ఉండదు, పొరుగువారి పలకరింపూ ఉండదు. ఫోనైనా మీదిగా ఉండాలి.

ఆ లైనును మీరు వెళ్లడానికి వారం పది రోజుల ముందే తీసుకుని, నంబరు మీకు చెప్పమనండి. ఇది మీ అమ్మగారి కోసం. ఇండియాకు కాల్స్ కలిపి ఉన్న ప్లాన్‌నే తీసుకోమనండి. టెలో, లైకా మొబైల్ వంటి సంస్థలలో అలాంటివి దొరుకుతాయి. ఇండియా మొబైల్ నంబర్లకు కూడా వర్తిస్తుందా, నెలకు ఎన్ని నిమిషాలు అన్నవి కొనేటప్పుడు చూసుకోవాలి. అలాంటి ప్లాన్ ఉంటే మీ అమ్మగారికి స్మార్ట్ ఫోను, వాట్సాప్, నెట్ ఏవీ అక్కర్లేదు. ఆమె బటన్ల ఫోను ఎప్పటిలాగే మోగుతుంది, ఆమె ఎప్పటిలాగే ఎత్తుతుంది.

అయితే ఎత్తాలి కదా! విదేశీ నంబర్ల నుంచి వచ్చే మోసపు కాల్స్ గురించి పల్లెల్లో కూడా అందరూ విని ఉన్నారు. ప్లస్ గుర్తుతో కొత్త నంబరు కనిపిస్తే ఎత్తవద్దని పిల్లలు పెద్దలకు చెబుతున్నారు, ఆ చెప్పడమూ మంచిదే. అలాంటి కాల్స్ మీద "ఇంటర్నేషనల్ కాల్" అని చూపించడం కూడా మన కంపెనీలు మొదలుపెట్టాయి. అందుకని బయలుదేరే ముందు మీరే ఊరికి వెళ్లి, +1తో మొదలయ్యే ఆ నంబరును మీ పేరుతో అమ్మగారి ఫోనులో మీ చేతులతో సేవ్ చేయండి. ఆ పేరు కనిపిస్తేనే ఎత్తమని చెప్పండి. తిరిగి ఆ నంబరుకు ఫోను చేయవద్దనీ చెప్పండి, ఆమె బ్యాలెన్స్ పోతుంది. అవసరమైతే మీకు వాట్సాప్‌లో కబురు చేసే మనిషిని, పక్కింటి అబ్బాయో, వీధిలోని ఆశా కార్యకర్తో, ఒకరిని కుదుర్చుకోండి. వారి నంబరు మీ దగ్గర, మీ నంబరు వారి దగ్గర ఉండాలి. బాగా చవకగా దొరికే కాలింగ్ కార్డుల జోలికి వెళ్లకండి. వాటి నుంచి చేస్తే అవతల ఏవేవో నంబర్లు కనిపిస్తాయి, రోజుకొకటి మారుతుంది కూడా. మీరు సేవ్ చేసిన పేరు తెర మీద రాదు.

వేళ కూడా ఇప్పుడే అనుకోండి. డాలస్‌లో సాయంత్రం 7 గంటలైతే మన దగ్గర మర్నాడు ఉదయం ఐదున్నర. మీ అమ్మగారు పొద్దున్నే లేచే మనిషి అంటున్నారు గనుక, మీ వంట ముగిసే వేళకు ఆమె కాఫీ వేళ అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం నాడు అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి మీ 7 గంటలు ఆమెకు ఆరున్నర. ఈ మార్పు ముందే చెప్పకపోతే, ఆ సోమవారం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఆమె ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ పాత లెక్కకు వస్తుంది.

అమెరికా సిమ్ వేశాక ఫోనులో కొన్ని అమరికలు చేయించుకోవాలి. అమ్మాయి పక్కన కూర్చుంటే పది నిమిషాల పని. సిమ్‌లకు "ఇండియా", "అమెరికా" అని పేర్లు పెట్టండి. డేటాకూ, చేసే కాల్స్‌కూ అమెరికా సిమ్‌నే ఎంచుకోండి. ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ ఆపేయండి. అది తెరిచి ఉంటే మీరు ఏమీ చేయకపోయినా వెనక యాప్‌లు నెట్ వాడుతూనే ఉంటాయి. మీది పోస్ట్‌పెయిడ్ అయితే పెద్ద బిల్లు వస్తుంది. ఇండియా నంబరుకు ఎవరైనా ఫోను చేస్తే ఎత్తవద్దు, రోమింగ్‌లో వచ్చే కాల్‌కూ డబ్బు పడుతుంది. బంధువులందరికీ "మార్చి దాకా వాట్సాప్‌లోనే" అని ముందే చెప్పేయండి. అప్పులిస్తాం, స్థలాలు అమ్ముతాం అంటూ పగలు పదకొండున్నరకు ఇక్కడ చేసే కాల్ అక్కడ అర్ధరాత్రి ఒంటి గంటకు మోగుతుంది. వాటిని తగ్గించడానికి స్టార్ట్ 0 అని ఇంగ్లీషులో టైపు చేసి 1909కి మెసేజ్ పంపండి. ఇదీ ఇక్కడ ఉండగానే.

కొత్త సిమ్ వేయగానే వాట్సాప్ నంబరు మార్చుకుంటారా అని అడగవచ్చు. వద్దు అనండి. మీ వాట్సాప్ పాత ఇండియా నంబరు మీదే నడవాలి, గ్రూపులు, పాత మాటలు, బంధువులు అన్నీ అక్కడే ఉన్నాయి. సిమ్ ఫోనులో ఉంటేనే ఇలాంటి యాప్‌లు పనిచేసేలా చూడాలని 2025 నవంబరులో మన టెలికాం శాఖ ఆదేశాలు ఇచ్చింది. పాత సిమ్‌ను తీసి డబ్బాలో పెట్టకపోవడానికి ఇదీ ఒక కారణం. పేర్ల జాబితాలో ఉన్న నంబర్లన్నిటి ముందు +91 చేర్చుకోండి. లేకుంటే అక్కడి నుంచి కలవవు. ల్యాండ్ లైన్ అయితే మొదటి సున్నా తీసేసి +91 పెట్టాలి.

ఆపద నంబరు అక్కడ 911. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం అన్నిటికీ అదే. మాట్లాడేటప్పుడు మొదట చెప్పవలసింది ఇంటి చిరునామా. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అతికించమనండి. ఇంగ్లీషు తడబడితే "తెలుగు" అని చెప్పండి, చాలా కేంద్రాలలో ఫోను మీదే అనువాదకులను కలిపే ఏర్పాటు ఉంటుంది. మీరు ఉపాధ్యాయిని గనుక మీకు ఇబ్బంది ఉండదు, మీవారికి ఒకటి రెండుసార్లు చెప్పించి చూడండి. ఇమిగ్రేషన్ అధికారినంటూ ఎవరైనా ఫోను చేసి, వీసాలో తప్పుంది, డబ్బు కట్టండి, గిఫ్టు కార్డులు కొనండి అంటే వెంటనే పెట్టేయండి. అక్కడి ప్రభుత్వం అలా డబ్బు అడగదు. ఇక్కడి నుంచి వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవారిదీ అదే బాపతు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

మీరు అడగలేదు గానీ మరొక సంగతి చెప్పాలి. మీవారిది కేంద్ర ప్రభుత్వ పింఛను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అప్పుడు మీరు డాలస్‌లో ఉంటారు. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది. కాగితం మీద కావాలంటే డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం వాళ్లకు హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ ఉంది. మీ పింఛను వచ్చే చోట ఏది ఒప్పుకుంటారో వెళ్లే ముందే స్వయంగా అడిగి రాసుకోండి. ఈ పనిలో ఓటీపీ ఆయన నంబరుకే వస్తుంది.

ఇక దుబాయ్. మీకు అక్కడ ఎవరికీ ఫోను చేయవలసిన అవసరం రాదు. హైదరాబాద్‌లో విమానం ఎక్కగానే ఇద్దరి ఫోన్లనూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, డాలస్‌లో దిగేదాకా తీయకండి. కొన్ని విమానాలలో గాలిలోనే ఒక మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, ఫోను తెలియకుండా దాన్ని పట్టుకుంటే ఛార్జీలు చాలా ఎక్కువ. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా వైఫై వాడుకోవచ్చు. దుబాయ్ విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంది. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి, దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. మీరు వీడియో కాల్ చేయబోతే కలవదు, మీ ఫోను పాడైందని కంగారు పడతారు. మెసేజీలు, ఫోటోలు, వాయిస్ మెసేజీలు మాత్రం చక్కగా వెళతాయి. "దిగాం, గేటు దగ్గర కూర్చున్నాం" అని ఒక వాయిస్ మెసేజ్, గేటు నంబరు బోర్డు ఫోటో ఒకటి పంపితే చాలు. అక్కడినుంచి కాల్ రాదని అమ్మాయికి కూడా ముందే చెప్పండి.

దారి తప్పితే, బోర్డింగ్ పాస్ చూపించి యూనిఫారంలో ఉన్న ఎవరినైనా అడగండి. ఫోనులో ఎవరూ చెప్పలేని దారి వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. నడక కష్టమైతే టిక్కెట్టు కొన్నప్పుడే వీల్ చైర్ కావాలని చెప్పించండి, దానికి వేరే రుసుము ఉండదు. ఒక గేటు నుంచి మరో గేటు దాకా వాళ్లే తీసుకెళతారు. దుబాయ్ మీదుగా అంటున్నారు గనుక ఎమిరేట్స్ అయి ఉంటుంది. ఆ సంస్థ 2025 అక్టోబరు నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడనివ్వడం లేదు. ఒకటి చేతి సంచిలో ఉంచుకోవచ్చు, ఛార్జి మాత్రం చేసుకోకూడదు. కాబట్టి దుబాయ్ గేటు దగ్గరే ఫోన్లు నింపుకోండి, అక్కడి నుంచి డాలస్‌కు 16 గంటల ప్రయాణం. అమెరికా ప్లగ్గు పిన్నులు చదునుగా ఉంటాయి, మన ఛార్జర్ నేరుగా పట్టదు. ఒక చిన్న అడాప్టర్ కొనుక్కోండి. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే అక్కడి 120 వోల్టులతో ఇబ్బంది లేదు.

డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుసలో ఫోను వాడనివ్వరు. ఎక్కడ ఉంటారు, ఎవరి దగ్గరికి వచ్చారు అని అడిగినప్పుడు ఫోనులో వెతుక్కోవడానికి వీలుండదు. అమ్మాయి పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, తిరుగు టిక్కెట్టు కాగితం మీద ముద్రించి మీ సంచిలో ఒకటి, ఆయన జేబులో ఒకటి పెట్టుకోండి. సామాన్లు తీసుకుని బయటికి వచ్చాక విమానాశ్రయం వైఫైలో వాట్సాప్ కాల్ చేయండి, అక్కడ కలుస్తుంది. విమానం దిగిన తర్వాత ఇదంతా పూర్తి కావడానికి గంట, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. అంతవరకు ఫోను రాలేదని నిండు నెలలకు దగ్గరపడుతున్న మీ అమ్మాయి ఆందోళన పడకుండా, ఈ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచండి.